ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపినవారు ఆ తరువాత ఏమయ్యారు? ఆత్మహత్యల నివారణ పరిశోధనపై బహిరంగ లేఖ

హైదరాబాద్

రాష్ట్ర వైద్య ఆరోగ్య వ్యవస్థ బాధ్యతలు చూస్తున్న అధికారులకు, బోధనాసుపత్రుల మనోవైద్య విభాగాల ఆచార్యులకు, పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు నమస్కారాలు.

నేను ఈ నగరంలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలోనూ, దానికి ఆనుకుని ఉన్న అత్యవసర వైద్య వార్డులోనూ గడిచింది. నాతోపాటు పనిచేసిన కొందరు నర్సులు, ఆప్తులను ఆత్మహత్యలో పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలవారు, నేను కలిసి ఇందులోని విషయాలనే అర్జీగా రాసి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. రసీదు ఇచ్చారు. తరువాత వెళ్లి అడిగితే ఫైలు పరిశీలనలో ఉందన్నారు. జవాబు మాత్రం రాలేదు. అందువల్ల అవే విషయాలను అందరి ముందూ పెట్టవలసి వచ్చింది.

మా ఫిర్యాదు ఒక్కటే. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని ఆసుపత్రికి తెస్తే, ఆ ప్రాణం నిలబెట్టడానికి డ్యూటీ డాక్టర్లు, పీజీలు, నర్సులు, వార్డు సిబ్బంది రాత్రంతా కూర్చోకుండా పనిచేస్తారు. అందులో లోపాలు ఎంచడానికి ఈ లేఖ రాయడం లేదు. ప్రాణాపాయం తప్పిందని డిశ్చార్జి కార్డు చేతికిచ్చిన మరుక్షణం నుంచి ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు, ఎలా ఉన్నాడు, అసలు బతికే ఉన్నాడా అని కనుక్కునే బాధ్యత ఎవరికీ లేకపోవడమే మా బాధ. మళ్లీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ తరువాతి వారాల్లో, నెలల్లోనేనని ఎన్నో దేశాల పరిశోధనలు చెప్పాయి. ఒకసారి ప్రయత్నించి బయటపడినవారిలో అత్యధికులు ఆ తరువాత ఆత్మహత్యతో మరణించరని, కోలుకుని బతుకుతారని కూడా ఆ పరిశోధనలే చెప్పాయి. కాబట్టి ఆ కొద్ది నెలలూ వారిని కనిపెట్టుకుని ఉండడం వృథా శ్రమ అని ఎవరూ అనలేరు.

జాతీయ నేర గణాంకాల బ్యూరో నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించారు. వారిలో తెలంగాణవారు 9,980 మంది. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా మన రాష్ట్రంలో అది 26.3. ఇది కొత్తగా వచ్చిన ఉపద్రవం కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో దేశ జనాభాలో 22 శాతమే ఉన్నప్పటికీ, దేశంలోని ఆత్మహత్య మరణాల్లో దాదాపు 40 శాతం ఈ నాలుగింటిలోనే జరుగుతున్నాయని 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఇంత భారం మోస్తున్న రాష్ట్రంలో ఈ మరణాలను అర్థం చేసుకునే, ఆపే క్లినికల్ పరిశోధన బోధనాసుపత్రుల నిత్యకృత్యాల్లో ఒకటి కావాలి. పీజీ విద్యార్థి థీసిస్ కోసం కొన్నాళ్లు వార్డులో ప్రశ్నావళి నింపించుకుని, డిగ్రీ చేతికి రాగానే ఆ కాగితాలు బీరువా ఎక్కడం ఆ భారానికి తగిన పరిశోధన కాదు.

మా అభ్యర్థనలను, వాటి వెనక ఉన్న వాస్తవాలను కింద వివరిస్తున్నాం.

1. డిశ్చార్జి తరువాత రోగి వెంట ఉండే పద్ధతిని మన ఆసుపత్రుల్లో శాస్త్రీయంగా పరీక్షించాలి.

ఆ డిశ్చార్జి కార్డు మీద ఏముంటుందో నాకు కంఠతా వచ్చు. పేరు, వయసు, ఐపీ నంబరు, ఇచ్చిన మందులు, రక్తపరీక్షల అంకెలు, చివర సైకియాట్రీ ఓపీలో చూపించుకోవాలని ఒక ముక్క, అదీ ఇంగ్లీషులో. ఏ రోజు రావాలో, ఏ గదికి వెళ్లాలో, ఎవరిని కలవాలో ఉండదు. వికారాబాద్ వైపు నుంచో నాగర్‌కర్నూల్ వైపు నుంచో వచ్చిన కూలి మనిషి ఆ ఒక్క ముక్క కోసం ఒక రోజు కూలి వదులుకుని, తోడుగా వచ్చే ఇంకొకరి కూలి కూడా పోగొట్టుకుని, తెల్లవారకముందే బయలుదేరి ఓపీ చీటీ వరసలో నిలబడాలి. చాలామంది రారు. ఒక తల్లి కొడుకును తీసుకుని ఇంటికి బయలుదేరుతూ, కార్డును మడిచి కొంగున ముడివేసుకుని, "సిస్టరమ్మా, పిలగాడు మల్ల గిట్ల చెయ్యకుంట ఉండాలంటె ఇంట్ల మేమేం జెయ్యాలె? రాత్రిపూట ఏమన్న అనిపిస్తె ఎవలకు ఫోన్ జెయ్యాలె?" అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలకు జవాబిచ్చే కాగితం మా వార్డులో లేదు.

జవాబులు వైద్య పరిశోధనలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నై, కొలంబోలతో పాటు బ్రెజిల్, ఇరాన్, చైనాలలో ఒక్కొక్క చోట, అంటే మొత్తం ఐదు చోట్ల ఎమర్జెన్సీ విభాగాలకు ఆత్మహత్యాయత్నంతో వచ్చిన 1,867 మందితో ఒక అధ్యయనం చేయించింది. దాదాపు సగం మందికి అక్కడ మామూలుగా జరిగే వైద్యం అందించారు. మిగతావారికి దానితోపాటు డిశ్చార్జికి ముందు గంటసేపు విడిగా కూర్చుని మాట్లాడారు. ఆ తరువాత 18 నెలల కాలంలో తొమ్మిదిసార్లు, మొదట్లో దగ్గర దగ్గరగా, క్రమంగా ఎడం పెంచుతూ, ఫోన్‌లో గానీ ఇంటికి వెళ్లి గానీ పలకరించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం మంది, పలకరింపు అందినవారిలో 0.2 శాతం మంది ఆత్మహత్యతో మరణించారు. ఇందులో ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఐదు దేశాల లెక్కలు కలిపి చెప్పిన ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా మన జిల్లాలకు అన్వయించడం సరికాదని మాకు తెలుసు. ఇక్కడ పరీక్షించి చూడమని అడగడానికి కారణమే అది.

ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్నకు కూడా పరీక్షకు నిలిచిన జవాబు ఒకటి ఉంది. దాన్ని భద్రతా ప్రణాళిక అనవచ్చు. ఆలోచనలు ముదురుతున్నాయని తనకు ఏ గుర్తులవల్ల తెలుస్తుంది, ఆ సమయంలో ఏం చేస్తే మనసు కాస్త మళ్లుతుంది, ఎవరి దగ్గరకు వెళ్లి కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులను ఎవరు దూరంగా ఉంచాలి అన్న విషయాలను రోగి తన మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకుంటాడు. అమెరికాలో మాజీ సైనికుల కోసం నడిచే తొమ్మిది ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో 1,640 మందిని పరిశీలించిన అధ్యయనం 2018లో వెలువడింది. ఈ కాగితంతో పాటు డిశ్చార్జి తరువాత ఫోన్ పలకరింపు కూడా అందినవారిలో ఆరు నెలల కాలంలో ఆత్మహత్యాయత్నం వంటి ప్రవర్తన దాదాపు 45 శాతం తక్కువగా కనిపించింది. అక్కడి ఫారాన్ని తెలుగులోకి మార్చి పంచితే సరిపోదు. అక్షరాలు రానివారితో, ఉమ్మడి కుటుంబంలో ఒంటరిగా మాట్లాడే చోటే లేని కోడళ్లతో, సొంత ఫోన్ లేనివారితో ఇది ఎలా నడుస్తుందో ఇక్కడి నర్సులు, సైకాలజిస్టులు, రోగులు కలిసి తేల్చాలి. నగరంలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి, పల్లెల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. తొమ్మిది పలకరింపుల్లో కొన్నింటిని వారు చేయగలరా, చేస్తే రోగి విషయం ఊళ్లో గుప్తంగా ఉంటుందా అన్నది మొదట పరిశోధించవలసిన ప్రశ్న. నన్ను అడిగితే రెండో సగమే కష్టమైనది.

ఇది మేము దయతో చేయమని అడుగుతున్న పని కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెబుతూ, ఆ ప్రయత్నం మళ్లీ జరిగే ప్రమాదాన్ని తగ్గించేందుకు సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని నిర్దేశించింది. డిశ్చార్జి కార్డు చివరి ముక్కతో ఆ విధి నెరవేరినట్టు ఎలా అవుతుంది?

2. ప్రమాదం ఎక్కువ, తక్కువ అని ముద్ర వేసి పంపడం ఆపాలి.

ఆత్మహత్య ప్రమాదంపై 50 ఏళ్లలో జరిగిన 365 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. మనకు తెలిసిన ప్రమాద కారకాల్లో ఏదీ, ఎవరు ఎప్పుడు ఆత్మహత్యకు పాల్పడతారో ముందే చెప్పడంలో ఊహాగానం కంటే పెద్దగా మెరుగు కాదని అది తేల్చింది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ, భవిష్యత్తు చెప్పడానికి గానీ ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించడానికి గానీ ప్రశ్నలకు మార్కులు వేసి ప్రమాదాన్ని కొలిచే స్కేళ్లను వాడవద్దని 2022 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. మన వార్డుల్లో మాత్రం రద్దీ వేళ పది ప్రశ్నలకు టిక్కులు పెట్టి, మొత్తం కూడి, ప్రమాదం తక్కువ అని కేస్ షీట్‌లో రాస్తే, ఆ మనిషి గురించి ఇక ఎవరూ తలెత్తి చూడరు. ఆ టిక్కులు రోగికి ఏం కావాలో చెప్పవు. పరిశోధన ఏదైనా మొదలుపెడితే, స్కోరు ఎంతైనా ప్రతి ఒక్కరికీ పలకరింపు అందేలా రూపొందించమని మా మనవి.

దీనితో ముడిపడిన ఇంకో సంగతి ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మా నర్సుల్లోనే చాలామంది జంకుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థులపై జరిగిన పరీక్ష 2005లోనే ఆ భయానికి ఆధారం లేదని చూపింది. ఆ తరువాతి పరిశోధనలు కూడా అదే చెప్పాయి. ఈ ఒక్క విషయమైనా ప్రతి నర్సింగ్ కళాశాలలో ఈ ఏడాది నుంచే నేర్పవచ్చు. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

3. ఆత్మహత్యాయత్నాలకు ఒక రిజిస్ట్రీ, అంటే వచ్చిన ప్రతి కేసునూ నమోదు చేసే వ్యవస్థ, పెట్టాలి.

నేర గణాంకాల బ్యూరో మరణాలను లెక్కిస్తుంది, ప్రయత్నాలను లెక్కించదు. ఒక్కొక్క మరణం వెనక ఇరవైకి మించిన ప్రయత్నాలు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన మన క్యాజువాల్టీలకు ఎంతమంది వస్తున్నారో, వారిలో ఎందరు రెండోసారి వచ్చారో ఎవరు చెప్పగలరు? మరణాల లెక్కలోనైనా కారణాలు పోలీసు కాగితాల నుంచి వచ్చినవి. 2022 నివేదికలో కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం అని ఉంది. కడుపునొప్పి భరించలేక చనిపోయిందని పంచనామాలో రాయించిన కుటుంబాలను నేను చూశాను. ఇంట్లో పెళ్లికావలసిన చెల్లెలు ఉన్నప్పుడు, అత్తింటివారూ పుట్టింటివారూ అదే గదిలో నిలబడి ఉన్నప్పుడు వేరే కారణం ఎవరు చెబుతారు? అలాంటి మాటలే అంకెలై, అంకెలే విధానాలైతే, డబ్బు ఒకచోట ఖర్చవుతుంది, మనుషులు ఇంకోచోట పోతారు.

ఐర్లండ్‌లో ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు ఇలా వచ్చినవారి వివరాలను పేర్లు బయటపడకుండా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేస్తారు. అలాంటి వ్యవస్థను ఎలా పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక కరదీపికే ప్రచురించింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, మూడేళ్లలో ఆత్మహత్యల వివరాలు సేకరించే నిఘా వ్యవస్థలు నెలకొల్పాలని, 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని చెప్పింది. ఆ మూడేళ్లు పూర్తయ్యాయి. నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో, వరంగల్‌లో, మరో రెండు జిల్లా ఆసుపత్రుల్లోనైనా ముందుగా రిజిస్ట్రీ మొదలుపెట్టండి.

4. పోలీసు భయాన్ని తొలగించాలి.

ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే, పాత భారతీయ శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధుల్లో ఒత్తిడి చేయడానికి ఆ పని చేస్తే తప్ప నేరం కాదు. అయినా క్యాజువాల్టీలో మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపవలసిన కేసుగా రాయడం, పోలీసు ఔట్‌పోస్టుకు ఇంటిమేషన్ పంపడం, కళ్లు సరిగా తెరవని మనిషి మంచం పక్కన కానిస్టేబుల్ నిలబడి వాంగ్మూలం అడగడం మారలేదు. దాని ఫలితం ఏమిటంటే, కొందరు ప్రభుత్వాసుపత్రికి రాకుండా ఏ చిన్న నర్సింగ్ హోముకో వెళ్లి విలువైన గంటలు పోగొట్టుకుంటారు. వచ్చినవారు పొరపాటున జరిగిందని చెప్పి, మానసిక వైద్యుడిని కలవకుండానే వెళ్లిపోతారు. నిజం చెబితే ముప్పు అని భయపడే చోట ఏ పరిశోధకుడికీ నిజం దొరకదు. ఆరోగ్య, హోం శాఖలు కలిసి దీనిపై స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చి, దాన్ని తెలుగులో, ఉర్దూలో ప్రతి క్యాజువాల్టీ గోడమీద అతికించాలి.

5. ఎథిక్స్ కమిటీలకు ప్రత్యేక విజ్ఞప్తి.

కుంగుబాటు మందుల ట్రయల్స్‌లో ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారిని తీసుకోకపోవడం చాలా కాలంగా ఉన్న ఆనవాయితీ. వారికి హాని జరగకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ చికిత్స అత్యవసరమైనవారి మీద పరీక్షించని చికిత్సనే చివరకు వారికి ఇస్తున్నాం. వారిని దూరంగా ఉంచడానికి బదులు, అధ్యయనంలో ఉన్నంతకాలం 24 గంటలూ అందుబాటులో ఉండే వైద్యుడు, ప్రమాదం కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసుకున్న పద్ధతి, స్వతంత్ర పర్యవేక్షణ సంఘం ఉండాలని షరతు పెట్టి అనుమతి ఇవ్వండి. సమ్మతి పత్రం రోగి చదివి అర్థం చేసుకోగల తెలుగులోనో ఉర్దూలోనో ఉండాలి. ప్రాణం గట్టెక్కిన గంటలోనే వేలిముద్ర వేయించుకోకూడదు. మనిషి తేరుకున్నాక అడగాలి, మరునాడు మళ్లీ అడగాలి, వద్దంటే చికిత్సలో పిసరంత తేడా రాకూడదు.

6. విద్యార్థుల విషయంలో ఆధారాలున్న పద్ధతులే వాడాలి.

దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యతో మరణించారు. ఇంటర్ ఫలితాల వారం వస్తే మా వార్డు సిబ్బంది సెలవులు పెట్టకపోవడానికి కారణం ఈ నగరంలో అందరికీ తెలుసు. 2025 జూలైలో విశాఖపట్నం విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, వంద మంది అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సిలర్ ఉండాలని ఆదేశించింది. కోచింగ్ సెంటర్లకు కూడా ఆ ఆదేశాలు వర్తిస్తాయి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, మాదాపూర్ హాస్టళ్లలో అవి ఎంతవరకు అమలయ్యాయో తనిఖీ చేసి ప్రకటించండి.

ఒక పూట సెమినార్ పెట్టి అధ్యాపకులకు సర్టిఫికెట్లు ఇస్తే చాలునని మాత్రం అనుకోకండి. ఐరోపాలో పది దేశాల్లో 168 పాఠశాలలు, 11,110 మంది విద్యార్థులతో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన పద్ధతి చెప్పుకోదగిన తేడా చూపలేదు. పిల్లలనే కూర్చోబెట్టి, ఒత్తిడి గురించీ సహాయం అడగడం గురించీ వారి చేతనే చర్చింపజేసిన కార్యక్రమం తరువాత ఏడాదికి ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. ఉదయం ఐదు నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్లున్న మన రెసిడెన్షియల్ కళాశాలలో ఆ చర్చకు గంట ఎక్కడ దొరుకుతుందన్నది అధికారులు, యాజమాన్యాలు ముందుగా తేల్చవలసిన ప్రశ్న.

7. పురుగుమందుల విషయం.

అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1990ల నుంచి దశలవారీగా నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్యల రేటు తరువాతి రెండు దశాబ్దాల్లో 70 శాతానికి పైగా తగ్గింది. అదే దేశంలో 180 గ్రామాలను తీసుకుని, వాటిలో సగం గ్రామాల్లో పురుగుమందులు దాచుకునే తాళం పెట్టెలు ఇంటింటికీ ఇచ్చి చేసిన పరీక్ష 2017లో ఫలితం చూపలేదు. అంటే పెట్టెలు పంచే పథకం కంటే నిషేధమే పనిచేస్తుంది. 1968 నాటి పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ కింద రాష్ట్రానికి తాత్కాలిక నిషేధ అధికారం ఉంది. దాన్ని వాడండి, శాశ్వత నిషేధానికి కేంద్రాన్ని గట్టిగా అడగండి.

8. ఆప్తులను పోగొట్టుకున్నవారిని పరిశోధనలో భాగస్వాములను చేయాలి.

మరణించినవారి కుటుంబాలతో నెమ్మదిగా మాట్లాడి కారణాలను శోధించే అధ్యయనం చెన్నైలో జరిగి 1999లోనే ప్రచురితమైంది. హైదరాబాద్‌లో అలాంటిది తలపెడితే మాతో ఉన్న కుటుంబాలవారు మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నారు. వారు కోరేదల్లా రెండు: వచ్చేవారు శిక్షణ పొందినవారై ఉండాలి, పరిశోధన ఏం తేల్చిందో తిరిగి వచ్చి చెప్పాలి.

ఈ ఎనిమిదింటిలో నిధులు, శాసనాలు అవసరమైనవి ఆలస్యమైనా అర్థం చేసుకోగలం. కానీ మూడు పనులను వచ్చే మూడు నెలల్లో మొదలుపెట్టవచ్చు. డిశ్చార్జి కార్డు మీద తెలుగులో తేదీ, గది నంబరు, కలవవలసిన మనిషి హోదా, 24 గంటలూ తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 రాయించడం ఒకటి. ప్రతి బోధనాసుపత్రి క్యాజువాల్టీకి ఫోన్ పలకరింపుల కోసం ఒక నర్సును కేటాయించడం రెండు. మనోవైద్య విభాగాలు, నర్సింగ్ విభాగాలు, రోగుల కుటుంబాలు కూర్చుని అధ్యయన ప్రణాళిక రాసేందుకు ఒక సంఘాన్ని నియమించడం మూడు. ఆ సంఘంలో పదవీ విరమణ చేసిన నర్సులం జీతం లేకుండా పనిచేస్తాం.

ఈ లేఖకు నెల రోజుల్లో రాతపూర్వకమైన జవాబు ఇవ్వాలని, కాదన్నవి ఉంటే ఏ కారణంతో కాదంటున్నారో అందులో తెలపాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
సహోద్యోగులు, ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాల తరఫున
హైదరాబాద్